మోత పెడుతున్న పాత ఫ్రిజ్: బాగుచేయించాలా, మార్చేయాలా?

ఎండలు ముదిరితే చాలు, తెలిసినవాళ్ళలో ఎవరో ఒకరు ఫోన్ చేసి ఇదే అడుగుతారు. "ఫ్రిజ్ తెగ సౌండ్ చేస్తోందండీ, కొని పదేళ్ళయింది. ఇచ్చేసి కొత్తది తీసుకోమంటారా?" నేను ఎదురు అడిగేవి రెండు. సౌండు ఎలాంటిది? చల్లదనం ఎలా ఉంది? మొదటిదానికి నోటితో చేసి మరీ చూపిస్తారు. రెండోదానికి మాత్రం "ఏమో, బాగానే ఉన్నట్టుంది" అంటారు.

సౌండు చెవిన పడుతుంది కాబట్టి టెన్షన్ అంతా దాని మీదే. ఇన్నేళ్ళలో నేను చూసినంతవరకు మాత్రం, మోత పెట్టే ఫ్రిజ్‌లలో సగానికి పైగా చిన్న ఖర్చుతోనో, అసలు ఖర్చు లేకుండానో సర్దుకున్నాయి. చప్పుడు లేకుండా రాత్రీ పగలూ ఆగకుండా తిరిగే ఫ్రిజ్‌తోనే అసలు చిక్కు. అందుకే కింద చెప్పిన వరుస తప్పకుండా చేయండి. కొనాలా వద్దా అన్నది ఎనిమిదో మెట్టులో గానీ రాదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఫోను, సౌండు రికార్డు చేయడానికి
- ఫ్రిజ్‌లో పెట్టే థర్మామీటరు. జ్వరం చూసేది పనికిరాదు, అది అంత చల్లదనం చూపించదు
- పది రూపాయల నోటు ఒకటి
- టార్చి, పాత పెయింటు బ్రష్షు, పొడిగుడ్డ
- స్క్రూడ్రైవరు, నాలుగు అట్టముక్కలు, పాత సైకిల్ ట్యూబు ముక్క
- ఫ్రిజ్ కొన్న బిల్లు, వారంటీ కార్డు
- రెండు రోజుల టైము. ఇది లేకపోతే మిగతావన్నీ ఉన్నా లాభం లేదు

మొదలుపెట్టే ముందు

వెనక చెయ్యి పెట్టే ప్రతిసారీ ప్లగ్గు పీకాలి. స్విచ్ ఆపితే చాలదు. ఫ్రిజ్ ముట్టుకుంటే షాక్ కొడుతోందా? అయితే సౌండు సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించండి. ప్లగ్గు పీకాక మళ్ళీ పెట్టడానికి కనీసం ఐదు నిమిషాలు ఆగండి. వెంటనే పెడితే లోపలి ప్రెషర్ దిగక కంప్రెసర్ (వెనక కింద కుండలా ఉండి, గొట్టాల్లో గ్యాసు తిప్పేది) స్టార్ట్ అవలేక మూలుగుతుంది, మీరు దాన్ని కొత్త జబ్బు అనుకుంటారు.

1. మీది ఏ రకమో తెలుసుకోండి

సింగిల్ డోర్ అయితే దాదాపుగా డైరెక్ట్ కూల్. ఫ్రీజర్ చుట్టూ ఐసు పేరుకుంటుంది, థర్మోస్టాట్ నాబ్ మధ్యలో డీఫ్రాస్ట్ బటన్ ఉంటుంది. మామూలుగా లోపల ఫ్యాను ఉండదు కాబట్టి సౌండు వస్తే వెనక నుంచో, కింద నుంచో, పైన పెట్టిన సామాను నుంచో రావాలి. డబుల్ డోర్ అయితే ఫ్రాస్ట్ ఫ్రీ. ఫ్రీజర్ వెనక పలక లోపల ఒక ఫ్యానూ, ఐసు కరిగించే హీటరూ ఉంటాయి. వెతకాల్సిన చోట్లు పెరుగుతాయి.

తర్వాత స్టిక్కరు చూడండి. ఫ్రిజ్ వెనకో, లోపలి గోడకో ఉంటుంది. అందులో గ్యాసు పేరు, అంటే గొట్టాల్లో తిరుగుతూ ఫ్రిజ్‌ని చల్లబరిచేదాని పేరు, రాసిపెట్టుకోండి. ఆర్ 600ఏ అంటే ఐసోబ్యూటేన్. వంటగ్యాసులాగే మండుతుంది. ఆర్ 134ఏ అలా మండదు. ఆర్ 12 అని ఉంటే మిగతాది చదవనక్కర్లేదు. ఆ గ్యాసుతో కొత్త ఫ్రిజ్‌లు తయారుచేయడాన్ని మన దేశంలో 2003 నుంచి నిషేధించారు, అంటే మీది ఇరవై ఏళ్ళు దాటిన మనిషి. దణ్ణం పెట్టి పంపించేయండి.

ఇన్వర్టర్ కంప్రెసరా (అవసరాన్ని బట్టి వేగం మార్చుకునేది), మామూలుదా అన్నది కూడా చూసుకోండి. ఆరో మెట్టులో పనికొస్తుంది.

2. సౌండు రికార్డు చేయండి

ఒకసారి ముందు నిలబడి, ఇంకోసారి వెనక మూలన ఫోను పెట్టి, మూడోసారి ఫ్రీజర్ తలుపు తీసి. ఒక్కోటి నిమిషం చాలు. ఎప్పుడు వస్తోందో కూడా రాయండి: స్టార్ట్ అయ్యేటప్పుడా, ఆగేటప్పుడా, తిరుగుతున్నంతసేపా, సాయంత్రం వోల్టేజీ పడిపోయినప్పుడా? మెకానిక్ వచ్చే వేళకి ఫ్రిజ్ బుద్ధిమంతుడిలా ఊరుకుంటుంది. ఈ రికార్డింగే అప్పుడు మీ సాక్ష్యం. రిపేరయ్యాక పోల్చుకోవడానికీ ఇదే.

3. ఫ్రిజ్‌ది కాని మోత తీసేయండి

ఇది చేయకుండా మెకానిక్‌ని పిలవకండి.

మన ఇళ్ళల్లో ఫ్రిజ్ నెత్తి ఒక అటక. స్టెబిలైజరు, మందుల డబ్బా, మిక్సీ జారు మూతలు, తాళాలు, దేవుడి పటం... అన్నీ దించండి. లోపల తలుపు అరల్లో ఒకదానికొకటి తగులుతున్న సీసాలు జరపండి. ఇప్పుడు వినండి. స్టీలు గిన్నె ఒకటి మూత మీద మూత పెట్టి ఉన్నందుకు నెలరోజులు "కంప్రెసర్ పోయింది" అని బెంగపెట్టుకున్న ఇల్లు నాకు తెలుసు. అది మా పిన్ని వాళ్ళిల్లే.

ఆ తర్వాత ఫ్రిజ్ తిరుగుతుండగా రెండు అరచేతులతో పై పలకని, పక్కల్ని, తలుపుని ఒక్కోటిగా గట్టిగా నొక్కి పట్టుకోండి. ఎక్కడ నొక్కితే మోత తగ్గిందో అక్కడే వదులు ఉంది.

చక్రాల ప్లాస్టిక్ స్టాండు మీద ఉందా? నా అనుభవంలో గలగలకి మొదటి ముద్దాయి అదే. ఇద్దరు పట్టుకుని ఫ్రిజ్‌ని స్టాండు దించి, ఒక పూట నేరుగా గచ్చు మీద ఉంచి చూడండి. మోత పోతే స్టాండు మార్చండి, ఫ్రిజ్ కాదు. స్టాండు లేకపోతే ముందున్న కాళ్ళని తిప్పి ఎత్తు సరిచేయండి. ముందు భాగం వెనక కన్నా పిసరంత ఎత్తుగా ఉంటే తలుపు దానంతటదే మూసుకుంటుంది. కాలు తిరగకపోతే కింద అట్టముక్క పెట్టండి.

ఇప్పుడు ప్లగ్గు పీకి, లోపలి బరువు దించి, ఫ్రిజ్‌ని మెల్లగా ముందుకి లాగండి. వెనక టార్చి వేసి ఇవి చూడండి:

- కంప్రెసర్ పైన నీళ్ళు పడే ట్రే ఉంటుంది. దాని క్లిప్పు ఊడితే దడదడలాడుతుంది. తీసి కడిగి, సరిగ్గా దించండి. వాసన కూడా పోతుంది.
- రాగి గొట్టాలు ఒకదానికొకటిగానీ, రేకుకిగానీ తగులుతున్నాయేమో చూడండి. తగులుతుంటే మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క దూర్చండి. గొట్టాన్ని చేత్తో వంచబోకండి. పాత రాగి చీలితే గ్యాసంతా పోతుంది. వంద రూపాయల్లో పోయేది మూడు వేలవుతుంది.
- కంప్రెసర్ నాలుగు కాళ్ళ కింద రబ్బరు బుష్షులు ఉంటాయి. ఏళ్ళు గడిస్తే అవి చెక్కలా గట్టిపడతాయి. గోరుతో నొక్కితే దిగకపోతే మార్పించాలి.
- నల్లటి జాలీకి పట్టిన బూజు, దుమ్ము బ్రష్షుతో దులపండి. కొత్త మోడళ్ళలో ఈ జాలీ కనిపించదు, గొట్టాలు పక్క గోడల్లోపల ఉంటాయి. అందుకే వాటి పక్కలు వేడెక్కుతాయి. జేబులున్న ఫ్రిజ్ కవరు పక్కలకి వేలాడేసి ఉంటే తీసేయండి.
- ఎలుక కొరికిన వైరు, గూడు పెట్టిన గుడ్డపేలికలు కనిపిస్తే ప్లగ్గు పెట్టకుండా అలాగే ఆపేయండి.

తిరిగి పెట్టేటప్పుడు గోడకి నాలుగు వేళ్ళకి తగ్గకుండా ఎడం ఉంచండి. మా ఇంట్లో 2011లో కొన్న డబుల్ డోర్‌కి ఒక మెకానిక్ కంప్రెసర్ మార్చాలి, ఏడు వేలవుతుంది అన్నాడు. రెండోవాడు వచ్చి ఫ్రిజ్‌ని జానెడు ముందుకి లాగి "ఇప్పుడు వినండి సార్" అన్నాడు. వెనక గొట్టం గోడకి ఆనుకుని మోగుతోంది. ఆ ఫ్రిజ్ తర్వాత నాలుగేళ్ళు పనిచేసింది.

4. మిగిలిన సౌండుని గుర్తుపట్టండి

మూడో మెట్టు తర్వాత కూడా మోత ఉంటే, అది నిజంగా ఫ్రిజ్‌దే.

*సన్నగా గుయ్‌మని ఒకే తీరుగా. అప్పుడప్పుడు గుడగుడ, బుస్‌మని, టప్‌మని.* ఇవేవీ రోగాలు కావు. గొట్టాల్లో గ్యాసు పారే సౌండు, ప్లాస్టిక్కు చల్లబడి బిగుసుకునే సౌండు. ఫ్రాస్ట్ ఫ్రీలో కరిగిన నీటిచుక్క హీటరు మీద పడి చుయ్‌మంటుంది. పెనం మీద నీళ్ళు చిలకరించినట్టే.

*హుమ్‌మని మూలిగి, కొన్ని సెకన్లకి టక్. మళ్ళీ కొన్ని నిమిషాలకి హుమ్, టక్.* కంప్రెసర్ స్టార్ట్ అవడానికి ప్రయత్నించి ఓడిపోతోంది. ముందు వోల్టేజీ చూడండి. 230 ఉండాల్సింది 170 కిందికి పడిపోతుంటే తప్పు ఫ్రిజ్‌ది కాకపోవచ్చు. సాయంత్రాలే ఇలా అవుతుంటే స్టెబిలైజరుతో సర్దుకుంటుంది. వోల్టేజీ బాగుండి కూడా ఇలాగే ఉంటే కంప్రెసర్ పక్కన ఉండే రిలే, ఓవర్‌లోడ్ అనే రెండు చిన్న ముక్కలు మార్పించి చూడాలి. రిలేని ప్లగ్గు తీసి ఊపితే కొన్నిసార్లు లోపల గలగలమంటుంది, పగిలిందన్నమాట. ఈ రెండూ మార్చకుండానే "కంప్రెసర్ జామ్" అనే మెకానిక్‌ని నమ్మకండి. మార్చాక కూడా టక్, టక్ అంటుంటే మాత్రం కంప్రెసర్ సంగతే. ఈలోపు ఫ్రిజ్‌ని అలా టక్కుమనిపిస్తూ వదిలేయకండి, ప్లగ్గు తీసేయండి. గంటలకొద్దీ అలా ఉంటే బాగున్న కంప్రెసర్ కూడా కాలిపోతుంది.

*ఫ్రీజర్ లోపల టకటకటక, గరగర, కీచుకీచు.* ఫ్రాస్ట్ ఫ్రీలో ఫ్యాను. చాలా మోడళ్ళలో తలుపు తీస్తే ఫ్యాను ఆగిపోతుంది. తలుపు తీయగానే సౌండు ఆగి, చౌకట్టులో ఉన్న స్విచ్చుని వేలితో నొక్కగానే మళ్ళీ వస్తే అనుమానం అక్కర్లేదు. కీచుమంటే మోటారు అరిగింది. టకటకమంటే రెక్కకి ఐసు తగులుతోంది. ఐసే అనుకుంటే సామాను ఖాళీ చేసి, ప్లగ్గు తీసి, తలుపులు తెరిచి, కింద గుడ్డలు వేసి ఒక రోజంతా వదిలేయండి. మళ్ళీ పెట్టాక నిశ్శబ్దంగా ఉండి, వారం పది రోజుల్లో టకటక తిరిగొస్తే ఐసు కరిగించే హీటరో, దాని సెన్సారో, టైమరో పనిచేయట్లేదు. తిరిగి రాకపోతే ఎవరో తలుపు సరిగ్గా వేయలేదు, అంతే.

*స్టార్ట్ అయ్యేటప్పుడు, ఆగేటప్పుడు దడ్‌మని అదురు.* కొద్దిగా అయితే మామూలే. పైన పెట్టిన గ్లాసు కదిలేంత అయితే ఆ రబ్బరు బుష్షులే.

*కంప్రెసర్ కుండ లోపల ఇనుము ఇనుముకి కొట్టుకుంటున్నట్టు టంగ్, టంగ్, తిరుగుతున్నంతసేపూ.* లోపలి స్ప్రింగు తెగిందో, అరిగిందో. ఆ కుండ సీలు వేసి ఉంటుంది, విప్పి బాగుచేసేది కాదు. పైపైన ఏ ఆయిలు పోసినా, రబ్బరు పెట్టినా తగ్గదు. ఈ ఒక్క సౌండు విన్నప్పుడే కొత్త ఫ్రిజ్ ధరలు కనుక్కోవడం మొదలుపెట్టమంటాను. అది కూడా కనుక్కోవడమే, కొనడం కాదు.

5. చల్లదనం కొలవండి

గ్లాసు నీళ్ళల్లో థర్మామీటరు ముంచి మధ్య అరలో రాత్రి పెట్టండి. పొద్దున్నే ఎవరూ తలుపు తీయకముందు చూడండి. గాలిలో వేలాడదీస్తే తలుపు తీసిన మరుక్షణం మారిపోతుంది, అందుకే నీళ్ళు. 3 నుంచి 5 డిగ్రీలు ఉంటే బాగుంది. 8 దాటితే పాలు, కూరలు త్వరగా పాడవుతాయి. ఫ్రీజర్‌లో అయితే ఫ్రాస్ట్ ఫ్రీకి మైనస్ 15, మైనస్ 18 మధ్య రావాలి.

థర్మామీటరు లేకపోతే మన వంటింటి పరీక్షే ఉంది. రుబ్బి అప్పటికే పులిసిన ఇడ్లీ పిండి కాకుండా, తాజాగా రుబ్బింది ఒక గిన్నెడు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లారేసరికి పొంగి పుల్లబడిందంటే మీ ఫ్రిజ్ ఉత్త బీరువా.

చల్లదనం తక్కువగా ఉంటే వెంటనే గ్యాసు అనుకోకండి. ముందు తలుపు రబ్బరు చూడండి. పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి మూసి లాగండి. బిగుతుగా రావాలి. జారిపోతే అక్కడ గాలి దూరుతోంది. నాలుగు వైపులా, నాలుగు మూలల్లో చూడండి. రబ్బరు మడతల్లో చేరిన జిడ్డుని గోరువెచ్చటి సబ్బునీళ్ళతో తుడిచి మళ్ళీ నోటు పెట్టండి. సగం ఇళ్ళల్లో ఇక్కడే బాగుపడుతుంది.

రబ్బరు బాగుంది, కంప్రెసర్ తిరుగుతోంది, అయినా చల్లబడట్లేదు. అప్పుడు సింగిల్ డోర్‌లో ఫ్రీజర్ చుట్టూ చూడండి. ఐసు ఒక మూలే పట్టి మిగతా అంతా పొడిగా ఉంటే గ్యాసు తగ్గింది. వెనక జాలీ వెచ్చగా కూడా లేకపోతే గ్యాసు పూర్తిగా పోయిందో, కంప్రెసర్ ఉత్తినే తిరుగుతోందో.

6. ఆగుతోందా, ఎంత కరెంటు తాగుతోందో చూడండి

రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో ఒక గంట కూర్చోండి. లేదా ఫోను రికార్డింగులో వదిలి పడుకోండి. మామూలు కంప్రెసర్ కాసేపు తిరిగి, కాసేపు ఆగాలి. మే నెలలో ఆగే టైము బాగా తగ్గుతుంది, అది సహజం. కానీ అర్ధరాత్రి, తలుపు తీయకుండా, గంటలో ఒక్కసారి కూడా ఆగకపోతే అది జబ్బు. ఇన్వర్టర్ కంప్రెసర్‌కి ఈ పరీక్ష పనికిరాదు, అది మెల్లగా ఎక్కువసేపు తిరిగేలా తయారుచేసిందే.

కరెంటు లెక్కకి తేలికైన దారి: ఊరెళ్తున్నప్పుడు ఫ్రిజ్ తప్ప అన్నీ ఆపేసి, మీటరు రీడింగు ఫోటో తీసుకోండి. వచ్చాక ఇంకో ఫోటో. యూనిట్లని రోజులతో భాగించండి. తలుపు తీయని రోజులు కాబట్టి అసలు వాడకం ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. ప్రయాణం లేకపోతే ప్లగ్గుకి తగిలించే చిన్న వాట్ మీటరు కొనండి, తర్వాత గీజరుకీ, మోటారుకీ కూడా పనికొస్తుంది.

7. మెకానిక్‌ని పిలిచి ఇవి అడగండి

"ఎంతవుతుంది?" అన్నది చివరి ప్రశ్న. మొదటిది "ఏది పోయింది, ఎలా తెలిసింది?" అని.

కంప్రెసర్ అంటే రిలే మార్చి చూశారా, మీటరు పెట్టి వైండింగ్ (లోపలి మోటారు తీగచుట్ట) చూశారా అని అడగండి. గ్యాసు అంటే "లీకు ఎక్కడ?" అని అడగండి. ఫ్రిజ్‌లో గ్యాసు బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, సీలు చేసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లి ఉంది. చిల్లి వెతక్కుండా గ్యాసు పట్టిస్తే మళ్ళీ కొన్నాళ్ళకి అదే ఫోను, అదే బిల్లు. సరైన పద్ధతిలో లీకు మూయాలి, ఫిల్టరు మార్చాలి, పంపు పెట్టి వ్యాక్యూమ్ చేయాలి, అంటే గొట్టాల్లోని గాలి, తేమ లాగేయాలి, ఆ తర్వాత స్టిక్కరు మీద రాసినన్ని గ్రాములు తూచి ఎక్కించాలి. వ్యాక్యూమ్ పంపు లేకుండా సంచి ఒక్కటే పట్టుకొచ్చినవాళ్ళకి మజ్జిగ ఇచ్చి పంపించేయండి.

ఆర్ 600ఏ అయితే ఇంకో జాగ్రత్త. గ్యాసు వదిలేటప్పుడు, గొట్టాలు అతికేటప్పుడు కిటికీలు, తలుపులు తీసి ఉంచాలి, స్టవ్వు, దీపం ఆర్పేయాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి. గ్యాసు పూర్తిగా బయటికి పంపకుండా మంట పెట్టనివ్వకండి. పూజగది పక్కనే ఫ్రిజ్ ఉండే ఇళ్ళు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి.

వారంటీ కార్డు కూడా తీయండి. పదేళ్ళ వారంటీ అంటే చాలావరకు కంప్రెసర్ అనే ముక్కకి మాత్రమే. గ్యాసు, కూలి, రవాణా మీవే అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అయినా సగానికి పైగా మిగులుతుంది కాబట్టి ముందు కంపెనీకి ఫోన్ చేయకుండా బయటివాళ్ళతో విప్పించకండి, విప్పితే వారంటీ పోతుంది.

8. ఇప్పుడు లెక్క వేయండి

ఈమధ్య నేను చూసిన బిల్లులు సుమారుగా ఇలా ఉన్నాయి. ఊరిని బట్టి, మోడల్‌ని బట్టి మారతాయి. రిలే, ఓవర్‌లోడ్ కలిపి ఐదారు వందలు. తలుపు రబ్బరు వెయ్యి చుట్టుపక్కల. ఫ్యాను మోటారు వెయ్యి నుంచి పద్దెనిమిది వందలు. లీకు మూసి గ్యాసు పట్టించడానికి రెండున్నర నుంచి మూడున్నర వేలు. కంప్రెసరు గ్యాసుతో కలిపి ఆరు నుంచి తొమ్మిది వేలు.

నా సొంత నియమం ఇది. రిపేరు ఖర్చుకి గత రెండేళ్ళలో పెట్టిన రిపేర్లు కూడా కలపండి. ఆ మొత్తం, అదే సైజు కొత్త ఫ్రిజ్ ధరలో:

- ఐదేళ్ళ లోపు ఫ్రిజ్‌కి సగం దాటకపోతే బాగుచేయించండి
- ఐదు నుంచి పదేళ్ళ మధ్య మూడోవంతు దాటకపోతే బాగుచేయించండి
- పదేళ్ళు దాటితే ఐదోవంతుకి మించి పెట్టకండి

పాత రిపేర్లు కలపడం ఎవరూ చేయరు. "ఈసారికి రెండు వేలే కదా" అని మూడుసార్లు అనుకుంటారు.

లెక్కతో పని లేకుండా మార్చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. లీకు గోడల్లోపల ఫోములో ఉంటే, మెకానిక్‌లు బాడీ లీకు అంటారు, పాత ఫ్రిజ్‌కి ఆ జోలికి వెళ్ళకండి. పదేళ్ళు దాటినదానికి కంప్రెసరు మార్చకండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళల్లో వెనక గొట్టాలు, కింది రేకు తుప్పుపట్టి పొరలు ఊడుతుంటే, ఈరోజు ఒక చిల్లి మూసినా రేపు పక్కన ఇంకోటి పడుతుంది.

కరెంటు ఆదా కోసం మార్చమని షాపువాళ్ళు చెబుతారు. ఆ లెక్క మీరే వేసుకోండి. పాతది రోజుకి 2 యూనిట్లు, అంటే ఏడాదికి 730 అనుకుందాం. కొత్త 250 లీటర్ల డబుల్ డోర్‌కి అతికించిన స్టార్ల లేబుల్ మీద ఏడాదికి 220 యూనిట్లు అని ఉంటే, మన వంటింటి వేడికి, తలుపు తీసేదానికి కలిపి 280 వేసుకోండి. మిగిలేది 450. మీ బిల్లులో చివరి శ్లాబు యూనిట్ 7 రూపాయలైతే ఏడాదికి 3,150. కొత్తది 26,000 అయితే డబ్బు తిరిగి రావడానికి ఎనిమిదేళ్ళు దాటుతుంది. అంటే బాగా పనిచేసే పాత ఫ్రిజ్‌ని కరెంటు కోసమే మార్చడం దండగ. అదే ఫ్రిజ్ ఆగకుండా తిరుగుతూ రోజుకి మూడున్నర యూనిట్లు తాగుతుంటే, ఏడాదికి దాదాపు 1,000 యూనిట్లు, ఏడు వేలు మిగులుతాయి. నాలుగేళ్ళ లోపే వచ్చేస్తుంది. అప్పుడు మార్చండి.

సగటు రేటు కాకుండా చివరి శ్లాబు రేటు తీసుకోవడం ముఖ్యం, ఎందుకంటే తగ్గేవి పైనున్న యూనిట్లే. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వచ్చే ఇళ్ళకి ఇది ఇంకా పెద్ద విషయం. గీత దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి. పాత ఫ్రిజ్ ఎక్కువగా తాగే ఆ నలభై యాభై యూనిట్లే మిమ్మల్ని గీత దాటిస్తుండవచ్చు.

9. బాగుచేయించారా? ఇలా సరిచూసుకోండి

మెకానిక్ ఉన్నప్పుడే పాత రికార్డింగు పెట్టి వినిపించండి. తీసేసిన పాత ముక్క అడిగి తీసుకోండి. బిల్లు మీద ఏ ముక్క, ఎన్ని నెలల గ్యారంటీ రాయించుకోండి.

ఆ రోజే "సూపర్‌గా ఉంది" అనేయకండి. 24 గంటలయ్యాక గ్లాసు నీళ్ళ పరీక్ష, రాత్రి ఆగే పరీక్ష మళ్ళీ చేయండి. గ్యాసు పట్టించి ఉంటే ఫ్రీజర్ చుట్టూ ఐసు సమానంగా పరుచుకోవాలి. ఫ్యాను, హీటరు పనైతే పదిహేను రోజుల తర్వాత టకటక వస్తుందేమో వినండి. గ్యాసు లీకు పని సరిగ్గా జరిగిందో లేదో నెల తిరిగాక గానీ తెలియదు. క్యాలెండరులో ఆ తేదీ మీద గుర్తు పెట్టుకుని మళ్ళీ కొలవండి, గ్యారంటీ అయ్యాక కాదు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

ఐసు గడ్డని కత్తితో, స్క్రూడ్రైవరుతో పొడవడం మొదటిది. సింగిల్ డోర్ ఫ్రీజర్ గోడ అల్యూమినియం రేకే, దానిలోనే గ్యాసు పారుతుంది. ఒక్క పోటు, బుస్‌మంటుంది, అంతే. ఐసు వేలు మందం కాకముందే డీఫ్రాస్ట్ బటన్ నొక్కండి. తొందరైతే ప్లగ్గు తీసి, గిన్నెలో వేడినీళ్ళు లోపల పెట్టి తలుపు మూయండి.

చల్లదనం తగ్గిందని నాబ్ చివరికంటా తిప్పేయడం రెండోది. అప్పుడు ఫ్రిజ్ అసలు ఆగదు, మోత ఇంకా ఎక్కువ వినపడుతుంది. స్టెబిలైజరు టక్ టక్ అనే సౌండుని ఫ్రిజ్ మీద వేయడం కూడా తరచూ చూస్తుంటాను. దాన్ని చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది.

ఇక అన్నిటికన్నా ఖరీదైనది, ఫ్రిజ్ చెడిన రోజే షాపుకి పరిగెత్తడం. రోహిణి కార్తెలో, పాలు విరిగిపోయిన కోపంలో, ఏది స్టాకులో ఉంటే అది కొంటారు. మోత మొదలైన సంక్రాంతి రోజుల్లోనే ఈ మెట్లన్నీ చేసి ఉంటే బేరమాడే ఓపిక ఉంటుంది.

10. మార్చాలని తేలితే

స్టార్లు మాత్రమే లెక్కపెట్టకండి. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో చదవండి, అది ఏ కాలానికి ఇచ్చిన లేబులో కూడా చూడండి. స్టార్ల కొలమానాన్ని బిగిస్తూ వస్తారు కాబట్టి ఏళ్ళనాటి ఐదు స్టార్లు, ఇప్పటి ఐదు స్టార్లు ఒకటి కావు. ఇంట్లో ఉన్నది ముగ్గురైతే, ఆఫరు ఉందని మూడొందల యాభై లీటర్లది ఎత్తుకురాకండి.

పాతదాన్ని "పడి ఉంటుందిలే" అని కింది పోర్షనులోనో, ఊళ్ళో అమ్మమ్మ వాళ్ళింట్లోనో పెట్టడం నాకు నచ్చదు. ఆగకుండా తిరిగే ఫ్రిజ్‌ని ఇవ్వడమంటే దాని కరెంటు బిల్లుని కూడా ఇవ్వడమే. ఎక్స్‌చేంజ్‌లో ఎంతిచ్చినా ఇచ్చేయండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత ఫ్రిజ్‌లని రీసైక్లింగుకి చేర్చే బాధ్యత తయారీ కంపెనీలది. షాపులో ఆ సంగతి అడగండి. పాత సామాన్లవాళ్ళు వాకిట్లోనే రాగి గొట్టం కోసేస్తామంటే ఒప్పుకోకండి, ముఖ్యంగా ఆర్ 600ఏ అయితే.

తీసుకెళ్ళేవాళ్ళు రావడానికి రెండు రోజులు పడుతుందంటే, వరండాలో ఉంచిన ఆ ఖాళీ ఫ్రిజ్ తలుపుని విప్పి పక్కన పెట్టండి. విప్పడం కుదరకపోతే తలుపుని గోడవైపు తిప్పి తాడుతో గట్టిగా కట్టేయండి. దాగుడుమూతలాడే పిల్లలకి అంత మంచి చోటు ఇంకొకటి కనపడదు, లోపలికి వెళ్ళి మూసుకుంటే గాలి ఆడదు.